అన్నీ 'నో' అని పెట్టేయకండి

ర్యాంకు వచ్చింది, సర్టిఫికెట్ల పరిశీలన అయింది, ఇక ఆర్డరు రావడమే తరువాయి అనుకునే రోజుల్లో అభ్యర్థి చేతికి ఒక ఫారం ఇస్తారు. పేరు అటెస్టేషన్ ఫారం. ఏళ్ల తరబడి కోచింగ్‌లో కూర్చుని రాజ్యాంగం అధికరణలన్నీ కంఠతా పట్టిన పిల్లలు ఈ కొద్ది పేజీలను మాత్రం చదవకుండా నింపేస్తారు. ఆఫీసు వరండాలో కాగితాన్ని గోడకు ఆనించి, పక్కవాడి ఫారంలోకి తొంగి చూస్తూ, "అక్కడ అన్నీ నో అని పెట్టెయ్ రా" అనుకుంటూ.

నేను మున్సిపల్ ఆఫీసు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చాలా కాలం పనిచేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. కొత్తగా సెలెక్టయినవాళ్ల ఫారాలు తీసుకోవడం, పోలీసు వెరిఫికేషన్‌కు పంపడం, వచ్చిన రిపోర్టు మీద నోట్ రాసి పైకి పెట్టడం నా సీటు పని. ఇప్పటికీ బంధువుల పిల్లలు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆంటీ, నా మీద ఒక చిన్న కేసుంది. రాయాలా, వద్దా?"

రాయాలి. ఇంత చిన్న జవాబు ఉన్న విషయం మీద ఇంత పెద్ద పోస్టు ఎందుకంటే, ఏది కేసో ఏది కాదో చాలామందికి తెలియదు. తెలియనివాళ్లంతా దొంగలూ కాదు.

ముందు ఫారం సంగతి. కేంద్ర ప్రభుత్వ ఫారంలో పన్నెండో కాలమ్ పని కేసుల సంగతి అడగడమే. రాష్ట్రాల ఫారాలూ దాదాపు దాన్ని చూసి రాసుకున్నవే. ఎప్పుడైనా అరెస్టయ్యారా? ప్రాసిక్యూషన్ ఎదుర్కొన్నారా? నిర్బంధంలో ఉన్నారా? బైండోవర్ అయ్యారా? కోర్టు జరిమానా వేసిందా? శిక్ష పడిందా? ఏదైనా పరీక్ష నుంచి డిబార్ చేశారా? ఈ ఫారం నింపే రోజుకు మీ మీద ఏ కోర్టులోనైనా కేసు పెండింగులో ఉందా? వీటిలో ప్రతిదానికీ విడిగా అవునో కాదో రాయాలి. ఫారం పైన ఒక హెచ్చరిక కూడా ఉంటుంది: తప్పుడు సమాచారం ఇచ్చినా, ఉన్నది దాచినా అదే అనర్హత అవుతుందని. ఇంకో వాక్యం దాదాపు ఎవరి కంటా పడదు. ఫారం ఇచ్చిన తర్వాత అరెస్టయినా, శిక్ష పడినా, వెంటనే ఆ సంగతి తెలియజేయాలట. ఫారం ఇచ్చేశాం కదా, మన పని అయిపోయింది అనుకుంటే కుదరదు.

మా దగ్గరకు వచ్చేవన్నీ ఇంగ్లీషు ఫారాలే. తెలుగు మీడియంలో చదివి, తెలుగులో పరీక్ష రాసి ఎంపికైన పిల్లవాడికి ఉద్యోగం ఉంటుందా పోతుందా అని తేల్చే కాగితం ఇంగ్లీషులో ఉండటం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. కానీ కోర్టు దగ్గర ఆ సాకు నడవదు. కేంద్రీయ విద్యాలయంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరిన రామ్ రతన్ యాదవ్ కేసులో సరిగ్గా ఇదే వాదన వచ్చింది. నేను హిందీ మీడియంలో చదివాను, ప్రశ్న అర్థం కాలేదు అన్నాడాయన. బీఏ, బీఎడ్, ఎంఎడ్ చదివిన మనిషికి అర్థం కాలేదంటే ఎలా నమ్మమంటారని 2003లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కాబట్టి అర్థం కాకపోతే ఫారం ఇచ్చే క్లర్కును అడగండి. విసుక్కుంటాడు, అయినా అడగండి.

అందరూ తప్పులో కాలేసే గడి బైండోవర్. పల్లెల్లో ఎన్నికలు వస్తున్నాయంటే రెండు వర్గాల కుర్రాళ్లనూ పిలిచి తహసీల్దారు ముందు నిలబెట్టి, శాంతిభద్రతలకు భంగం కలిగించబోమని బాండు రాయించుకుంటారు. జాతర ముందు గొడవయినా అంతే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 107వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 126. సంతకం పెట్టి ఇంటికి వచ్చేస్తారు. ఎఫ్ఐఆర్ లేదు, కోర్టు లేదు, వకీలు లేడు. దాన్ని కేసు అని ఎవరనుకుంటారు? కానీ ఫారంలో దానికో ప్రత్యేకమైన గడి ఉంది, స్టేషన్లో దానికో రికార్డూ ఉంది.

రెండోది డ్రంక్ అండ్ డ్రైవ్. హెల్మెట్ లేదని ఫోన్‌కు వచ్చే చలానా వేరు. దాన్ని మనమే కట్టేస్తాం, కోర్టుతో పనిలేదు. తాగి బండి నడిపి దొరికితే మాత్రం మెజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్తారు. ఆయన వేసే ఫైను కోర్టు వేసిన ఫైనే. పేకాట కేసూ అంతే. తప్పు ఒప్పుకుని ఫైను కట్టి బయటపడటం తేలిక కాబట్టి అందరూ అదే చేస్తారు. ఒప్పుకోవడం అంటే నేరం రుజువైనట్టే లెక్క అని ఆ రోజు కోర్టు వరండాలో ఎవరూ చెప్పరు.

మూడోది, నేను ఎక్కువగా చూసినది, ఇంటి కోడలు పెట్టిన కేసులు. దీనికి ఒక అబ్బాయి సంగతి చెప్పాలి. పేరూ ఊరూ వద్దు.

జూనియర్ అసిస్టెంటుగా ఎంపికయ్యాడు. నెమ్మదస్తుడు. ఫారంలో అన్నీ నో. కొన్ని వారాలకు ఎస్పీ ఆఫీసు నుంచి రిపోర్టు వచ్చింది: ఫలానా స్టేషన్, ఫలానా క్రైమ్ నంబరు, 498ఏ (కోడలిని వేధించారన్న సెక్షన్), వరకట్న నిషేధ చట్టం, ఇతను ఏ-4, అంటే నాలుగో నిందితుడు. అన్న ఏ-1, తల్లి ఏ-2, తండ్రి ఏ-3. వరుస చూస్తేనే తెలుస్తుంది, ఇంట్లో రేషన్ కార్డు మీద ఎంతమంది ఉంటే అందరినీ ఎక్కించారని. కేసు నాటికి ఇతను హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. అరెస్టు చేయకుండా 41ఏ నోటీసు ఇచ్చి స్టేషన్‌కు పిలిచారు, వెళ్లి సంతకం పెట్టి వచ్చాడు. తర్వాత పెద్దమనుషులు కూర్చున్నారు, లోక్ అదాలత్‌లో రాజీ అయింది, ఆ అమ్మాయి తన దారిన తాను వెళ్లింది. ఇదంతా నోటిఫికేషన్ రాకముందే ముగిసిపోయింది.

పిలిచి అడిగాను. "అరెస్టు కాలేదు కదా మేడమ్. శిక్షా పడలేదు. రాజీ అయిపోయింది కదా, ఇంకేం రాస్తాం అనుకున్నాను" అన్నాడు. అబద్ధమాడే మనిషి కళ్లు ఎలా ఉంటాయో ఆ సీట్లో కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. ఇతను అబద్ధమాడటం లేదు. కానీ ప్రాసిక్యూషన్ గడిలో 'నో' ఉంది, చార్జిషీటులో అతని పేరు ఉంది.

498ఏ మీద ఒక మాట. ఆ చట్టం లేకపోతే బతికి ఉండని ఆడవాళ్లను నేనెరుగుదును, నా బంధువుల్లోనే. అందుకని కేసులన్నీ తప్పుడువని ఇక్కడ ఎవరైనా కామెంటు పెడితే తీసేస్తాను. నేను చెబుతున్నది హాస్టల్లో ఉన్న మరిది గురించి మాత్రమే.

అతని ఫైలు మీద నేను నోట్ రాశాను. రాజీ అయితే చట్టం దృష్టిలో నిందితుడు విడుదలైనట్టే, ఇది కుటుంబ తగాదా, దరఖాస్తు చేసేనాటికి ఏమీ పెండింగులో లేదు, సుప్రీంకోర్టు ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పు ప్రకారం పరిశీలించవచ్చు అని. పై అధికారి చదివి, "మనకెందుకమ్మా, లీగల్ ఒపీనియన్‌కు పెట్టండి" అన్నారు. ఆఫీసు తరఫు వకీలు (స్టాండింగ్ కౌన్సెల్) ఒక పేజీన్నర రాసి, చివర నియామకాధికారి నిబంధనల ప్రకారం నిర్ణయం తీసుకోవచ్చునన్నారు. అంటే బంతి మళ్లీ మా కోర్టులోకే వచ్చింది. పై ఆఫీసుకు క్లారిఫికేషన్ కోరుతూ రాశాం. అక్కడి నుంచి కూడా అదే ముక్క: నిబంధనల ప్రకారం చర్య తీసుకోగలరు. ఈలోగా అతని బ్యాచ్‌లో చేరినవాళ్లకు ఇంక్రిమెంటు కూడా పడింది. తండ్రి వచ్చి నా బీరువా పక్కన నిలబడేవాడు. ప్లాస్టిక్ కవర్లో లోక్ అదాలత్ అవార్డు కాపీ, దానికి ఇంకో నాలుగు జిరాక్సులు. కూర్చోమంటే కూర్చునేవాడు కాదు.

చివరికి ఆ పై అధికారి బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన అధికారి ఫైలు మొత్తం చదివి, కారణాలు రాసి, రెండు పేజీల ఆర్డరు ఇచ్చారు. అబ్బాయి చేరాడు. చట్టం మారలేదు, కాగితాలు మారలేదు, సంతకం పెట్టే చెయ్యి మారింది. ఈ వెరిఫికేషన్ వ్యవహారంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. 'నో' అని తిరస్కరించినా మేలే, కుర్రవాడు హైకోర్టుకన్నా వెళ్తాడు. ఏదీ చెప్పకుండా ఫైలు తిప్పుతూ ఉంటే అతను ఎక్కడికి వెళ్తాడు?

ఇంతకీ అవతార్ సింగ్ తీర్పు అంటే ఏమిటో చెప్పాలి. అంతకుముందు సుప్రీంకోర్టు బెంచీలే తలో మాటా చెప్పాయి. 2011లో సందీప్ కుమార్ కేసు ఉంది. ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ పోస్టుకు దరఖాస్తు చేసుకున్నాడు. అంతకుముందే ఒక కొట్లాట కేసులో రాజీ అయి విడుదలయ్యాడు. ఆ సంగతి దరఖాస్తులో రాయలేదు, తర్వాతి ఫారంలో రాశాడు. జస్టిస్ మార్కండేయ కట్జూ బెంచి అతని పక్షాన నిలిచింది. ఆ వయసులో కుర్రాళ్లు తొందరపాటు పనులు చేస్తారు, జీవితాంతం నేరస్థుడని ముద్ర వేయడం కంటే దిద్దుకోనివ్వడం మేలన్నది దాని సారాంశం. రెండేళ్లు దాటాక 2013లో మెహర్ సింగ్ కేసులో ఇంకో బెంచి, పోలీసు శాఖలాంటి చోట రాజీ మీద వచ్చిన విడుదలను మచ్చలేని విడుదలగా చూడనక్కర్లేదు, స్క్రీనింగ్ కమిటీ వద్దంటే వద్దనవచ్చు అంది. ఒక ఆఫీసులో ఇది ఫైల్లో పెట్టేవారు, ఇంకో ఆఫీసులో అది. సెలెక్టయినవాడి జాతకం, మా డీలింగ్ క్లర్కు దగ్గర ఏ తీర్పు జిరాక్సు ఉందన్న దాని మీద ఆధారపడేది.

2016 జూలైలో ముగ్గురు జడ్జీల బెంచి ఈ గందరగోళానికి ఒక దారి చూపింది. అదే అవతార్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, ఇందులో సందేహం లేదు. కానీ దాచాడు అనగానే కళ్లు మూసుకుని తీసేయడం కాదు, ఏం దాచాడో చూడాలి. చిన్న వయసులో నినాదాలు ఇచ్చిన కేసులాంటి స్వల్ప విషయమైతే అధికారి తన విచక్షణతో వదిలేయవచ్చు. పెండింగులో కేసు ఉందని అభ్యర్థికే తెలియకపోతే, ఆ సంగతీ లెక్కలోకి తీసుకోవాలి. ఉద్యోగం ఖరారైనవాణ్ణి శాఖాపరమైన విచారణ లేకుండా తీసేయకూడదు. అన్నిటికంటే నాకు నచ్చింది: ఫారంలో ప్రశ్న స్పష్టంగా ఉండాలి, స్పష్టంగా అడిగిన దాన్ని చెప్పకపోతేనే దాచినట్టు.

అయితే ఇదే తీర్పులో పిల్లలు మరిచిపోయే మాట ఒకటుంది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. చెప్పిన కేసును బట్టి కూడా అధికారి కాదనవచ్చు. "రాస్తే ఇస్తారా ఆంటీ?" అని అడిగినవాళ్లకు నేను హామీ ఇవ్వను. దాస్తే రెండు సమస్యలు, రాస్తే ఒకటే సమస్య అని మాత్రం చెబుతాను.

తర్వాత కూడా తీర్పులు వస్తూనే ఉన్నాయి. 2022లో పవన్ కుమార్ కేసు, 2024లో రవీంద్ర కుమార్ కేసు. రెండింట్లోనూ కానిస్టేబులే, రెండింట్లోనూ దాచినమాట నిజమే, రెండింట్లోనూ సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే నిలిచింది. అన్నీ ఒకేలా ఉంటాయని కాదు. 2022లోనే సతీష్ చంద్ర యాదవ్ కేసులో తీర్పు ఎదురు తిరిగింది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన ఒక తీర్పు పట్టుకుని ధీమాగా ఉండొద్దు.

మైనర్‌గా ఉన్నప్పటి కేసులకు మాత్రం చట్టమే అండగా ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం అప్పటి నేరం వల్ల తర్వాత ఏ అనర్హతా అంటకూడదు. పదహారు దాటినవాళ్లను ఘోరమైన నేరానికి పెద్దవాళ్లలా విచారిస్తే అది వేరే సంగతి.

ఇంత చెప్పాక, ఈ వెరిఫికేషనే దండగ అంటానేమో అనుకోకండి. అంగన్‌వాడీలో, మున్సిపల్ స్కూల్లో, హాస్టల్లో పనిచేసేవాళ్లను ఒకటికి రెండుసార్లు చూడాల్సిందే. 2020 నాటి పోక్సో రూల్స్ కూడా పిల్లలతో నిత్యం మెలిగే సంస్థలు రెగ్యులర్ అయినా కాంట్రాక్టు అయినా ప్రతి ఉద్యోగి నేపథ్యాన్నీ ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలంటున్నాయి. పన్ను వసూలు కౌంటర్లో కూర్చోబెట్టేవాడి మీద చీటింగ్ కేసు ఉంటే నేను కూడా ఒప్పుకోను. అసలు చూడాల్సింది అదే: ఏ కేసు, ఏ సీటు, ఎన్నేళ్ల కిందటిది. ఇంటి ప్లాన్లు పాస్ చేసే సీటుకూ, నీటి ట్యాంకు దగ్గర వాల్వు తిప్పే పనికీ ఒకే గడి, ఒకే భయం పెట్టడంలో అర్థం లేదు.

పైగా మన దగ్గర ఒక తమాషా ఉంది. కౌన్సిల్ సమావేశంలో పైన కూర్చునే మనిషి మీద కేసులు నడుస్తుండవచ్చు. నామినేషన్‌లో అఫిడవిట్ ఇస్తే సరి, కేసు పెండింగులో ఉండటం పోటీకి అడ్డు కాదు. ఆయనకు ఎజెండా కాగితాలు అందించే అటెండరు మాత్రం పేకాట కేసులో ఫైను కట్టి ఉండకూడదు. ఎన్నికైనవాళ్లను ప్రజలు చూసుకుంటారు, అది వేరు అంటారు. సరే, వేరే. నవ్వు మాత్రం ఆగదు.

వెరిఫికేషన్ ఎలా జరుగుతుందో కూడా చాలామందికి తెలియదు. ఫారాలు మా దగ్గర నుంచి ఎస్పీ ఆఫీసుకు, అక్కడ స్పెషల్ బ్రాంచికి వెళ్తాయి. ఎస్.బి. హెడ్ కానిస్టేబుల్ మీ ఊరు వస్తాడు, ఇరుగుపొరుగును అడుగుతాడు, స్టేషన్ రికార్డు చూస్తాడు. (పెట్రోలు ఖర్చుల ఆనవాయితీ గురించి నేను రాయను, మీకు తెలిసిందే.) గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నారో ఫారంలో రాయాలి, ఆ చోట్లకు కూడా కాగితం వెళ్తుంది. అశోక్‌నగర్లోనో దిల్‌సుఖ్‌నగర్లోనో రూముల్లో ఉండి చదువుకున్నవాళ్లు ఆ అడ్రసు రాయకుండా సొంతూరిదే రాస్తారు. అదీ దాచడం కిందికే రావచ్చు. ఇప్పుడు స్టేషన్లన్నీ సీసీటీఎన్ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో కలిశాయి కాబట్టి వేరే జిల్లాలో కేసు ఎవరికి తెలుస్తుందిలే అనే రోజులు పోయాయి. దీనికి ఇంకో వైపు ఉంది. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు మూడూ కలిసిన ఇంకొకడి కేసు మీ మెడకు చుట్టుకోవచ్చు. అలాంటి రిపోర్టు ఒకటి మా దగ్గరకు వచ్చింది. వయసు చూస్తే నిందితుడు మా అభ్యర్థి కంటే ఇరవై ఏళ్లు పెద్ద. పుట్టిన తేదీ చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అందుకే ఫారం ముట్టుకునే ముందే మీ లెక్క మీరు చూసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో జిల్లా, కోర్టు ఎంచుకుని పేరుతో వెతకవచ్చు. ఎఫ్ఐఆర్‌లు చాలావరకు పోలీసు వెబ్‌సైట్లలో ఉంటాయి, 24 గంటల్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టే చెప్పింది. మహిళలు, పిల్లలకు సంబంధించిన సున్నితమైన కేసులు అందులో కనపడవు, కాబట్టి కనపడలేదంటే లేదని కాదు. ఊళ్లో గొడవల్లో మీ పేరు ఎప్పుడైనా వినిపించి ఉంటే ఒక వకీలును పంపి కనుక్కోండి. కేసు కొట్టేసి ఉంటే తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి, రాజీ అయితే అవార్డు కాపీ. గడిలో 'అవును' అని రాసి, చోటు చాలకపోతే విడిగా ఒక కాగితం మీద క్రైమ్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, మీరు ఏ ఎన్నో, కేసు ఏ తేదీన ఎలా ముగిసిందో ఐదారు వాక్యాల్లో రాసి జత చేయండి. మీ మంచితనం గురించి వ్యాసం వద్దు. ఫైలు చూసేవాడికి తేదీలు కావాలి.

మొత్తం నింపాక ఒక జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి. తర్వాత ఎవరైనా "నువ్వు రాయలేదు" అంటే చూపించడానికి అదొక్కటే మిగులుతుంది. రద్దు చేయబోతున్నామని నోటీసు వస్తే గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. నోటీసే లేకుండా ఏకవాక్య ఆర్డరు వచ్చిందా, అది హైకోర్టులో నిలబడటం కష్టం. వకీలును కలిసేటప్పుడు ఆ జిరాక్సు కూడా పట్టుకెళ్లండి.